కొన్న ఫోను దొంగసొత్తని తేలింది: కాల్ వచ్చిన రోజు నుంచి కోర్టు దాకా నా అనుభవం

2024 సెప్టెంబరులో ఒక దుకాణంలో 14,500 రూపాయలిచ్చి సెకండ్ హ్యాండ్ ఫోను కొన్నాను. డిసెంబరు మొదటి వారంలో రెండు జిల్లాల అవతలి పోలీసు స్టేషన్ నుంచి కాల్ వచ్చింది. "మీరు వాడుతున్న హ్యాండ్‌సెట్ మా దగ్గర చోరీ కేసులో ఉంది సార్, తెచ్చి ఇవ్వాలి" అన్నారు. ఫోను అప్పగించడం, వాంగ్మూలం, డబ్బు రాబట్టుకోవడం, ఆ తర్వాత సాక్షిగా సమన్లు, ఇదంతా జరగడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇలాంటి కాల్ వచ్చినవాళ్లు భయంతో తప్పు పని చేసేది మొదటి రెండు రోజుల్లోనే కాబట్టి ఆ రెండు రోజుల సంగతి వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ కాల్ నిజమో కాదో తేల్చుకోవాలి. పోలీసులమని చెప్పి డబ్బు గుంజే ముఠాలు ఇదే మాట వాడుతున్నాయి. నేను అడిగినవి నాలుగు: స్టేషన్ పేరు, మాట్లాడుతున్నవారి హోదా, క్రైమ్ నంబరు (స్టేషన్‌లో కేసు నమోదైన సంఖ్య), ఆ ఫోను ఐఎంఈఐ నంబరులో (ఫోనుకి ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య) చివరి ఆరు అంకెలు. ఫోనులో *#06# కొట్టి ఆ అంకెలు సరిపోల్చుకున్నాను. తర్వాత ఆ జిల్లా పోలీసు వెబ్‌సైట్‌లో ఉన్న స్టేషన్ నంబరుకి నేనే కాల్ చేసి, ఆ క్రైమ్ నంబరు మీద కేసు ఉందా అని కనుక్కున్నాను. ఉంది. అసలు పోలీసులు అడిగేది ఫోను మాత్రమే. జరిమానా కట్టమని, ఏదో లింకు నొక్కమని, వీడియో కాల్ ఆన్‌లో పెట్టుకుని ఇంట్లోంచి కదలొద్దని, ఓటీపీ చెప్పమని ఎవరైనా అంటే అది మోసం. అప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేసి ఫిర్యాదు చేయాలి.

నా నంబరు వాళ్లకెలా దొరికిందంటే, దారి ఇది. ఫోను పోగొట్టుకున్న మనిషి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ నకలుతో టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోని సీఈఐఆర్ (పోయిన ఫోన్లను బ్లాక్ చేసే) పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయమని కోరతారు. తెలంగాణ పోలీసులు ఈ పద్ధతిని 2023 ఏప్రిల్ నుంచి వాడుతున్నారు, అదే ఏడాది మే నెలలో దేశమంతా తెరిచారు. బ్లాక్ అయిన ఫోనులో ఎవరైనా సిమ్ వేస్తే, ఆ సిమ్ నంబరు ఫిర్యాదు ఉన్న స్టేషన్‌కి చేరుతుంది. సిమ్ ఎవరి పేరున ఉంటే ముందు కాల్ వెళ్లేది వాళ్లకే. తండ్రి పేరున ఉన్న సిమ్ కొడుకు వాడుతుంటే తండ్రిని పిలుస్తారు. ఇంట్లో ఎవరి సిమ్ ఎవరు వాడుతున్నారో రాసిపెట్టుకోండి.

"కొనేముందు చెక్ చేసుకోలేదా?" అని ఇంట్లో అడిగారు. చేశాను. కె, వై, ఎం అక్షరాలు టైప్ చేసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోను స్థితి చెబుతుంది. నేను కొన్న రోజున మామూలుగానే చూపించింది. ఎందుకంటే అసలు యజమానురాలి ఫోను ఆగస్టులో బస్సులో పోయింది, ఆమె డూప్లికేట్ సిమ్ తీసుకుని ఊరుకున్నారు, ఫిర్యాదు ఇచ్చింది నవంబరులో. మధ్యలో సెప్టెంబరులో నేను కొన్నాను. కాబట్టి ఆ ఎస్సెమ్మెస్ చెప్పేది ఆ నిమిషానికి ఫిర్యాదు నమోదై ఉందా లేదా అని మాత్రమే. అయినా దాని విలువ తక్కువేం కాదు. ఆ జవాబుని స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌లో పెట్టుకున్నందుకే, కొనేటప్పుడు నేను జాగ్రత్త పడ్డానని తేదీతో సహా చూపించగలిగాను.

ఇక చట్టం. నేరం 2024 జులై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగితే భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, అంతకుముందు జరిగితే పాత ఐపీసీ. దొంగసొత్తు గురించి చెప్పే సెక్షన్ సంహితలో 317, ఐపీసీలో 411. దొంగసొత్తని తెలిసిగానీ, అలా నమ్మడానికి కారణం ఉండిగానీ, దురుద్దేశంతో తీసుకున్నా, దగ్గర ఉంచుకున్నా మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వారంట్ లేకుండా అరెస్టు చేయదగిన నేరం, బెయిలు హక్కుగా రాదు. అదే పనిగా దొంగసొత్తు కొని అమ్మేవాళ్లకు పదేళ్ల దాకా, యావజ్జీవం దాకా శిక్ష వేయవచ్చు. దాచడానికి, అమ్మిపెట్టడానికి, మాయం చేయడానికి తెలిసి సాయం చేసినా మూడేళ్ల వరకు ఉంది.

ఇందులో "ఉంచుకున్నా" అన్న మాట దగ్గర ఆగండి. ఫోను కొన్న రోజు నాకేమీ తెలియదు, ఆ రోజుకి నేను నేరస్తుణ్ని కాను. కానీ స్టేషన్ నుంచి కాల్ వచ్చాక నాకు తెలిసింది. ఆ తర్వాత కూడా సిమ్ తీసేసి ఫోను బీరువాలో దాస్తే, చెరువులో పడేస్తే, ఊరెళ్లే బంధువుకి ఇచ్చి పంపేస్తే, ఇంకొకరికి అమ్మేస్తే, అంతవరకు అమాయకుడిగా ఉన్న మనిషి ఆ క్షణం నుంచి 317 కిందికి వస్తాడు. సాక్ష్యం మాయం చేశాడని 238వ సెక్షన్ కూడా తోడవుతుంది. "పారేశాను సార్, పోయింది" అని చెప్పి తప్పించుకుందామనుకునేవాళ్లు చాలామంది. ఐఎంఈఐలో ఏ సిమ్ ఏ రోజు దాకా పనిచేసిందో కంపెనీ రికార్డు చెబుతుంది. కాల్ వచ్చిన గంటలోనే ఫోను ఆగిపోతే అది ఎవరికైనా అర్థమవుతుంది.

"నమ్మడానికి కారణం" అన్నది రెండో మాట. దీన్ని కోర్టు మన మనసులోకి తొంగి చూసి తేల్చదు, పరిస్థితుల్ని బట్టి తేలుస్తుంది. నేను కొన్న మోడల్ కొత్తది అప్పట్లో 22 వేల దగ్గర ఉంది, వాడినది 14, 15 వేలకు దొరుకుతోంది. నేనిచ్చింది మార్కెట్ ధరే. అదే 60 వేల ఫోను, పెట్టె లేకుండా, ఛార్జర్ లేకుండా, లాక్ తీయకుండా, బస్టాండ్ దగ్గర పన్నెండు వేలకు కొంటే, తెలియదన్న మాట నిలవదు. సీలు విప్పని కొత్త ఫోను సగం ధరకు వచ్చినా అనుమానించాలి. ఎందుకంటే కొత్త చట్టంలో దొంగసొత్తు అంటే చోరీ, దోపిడీ, నమ్మకద్రోహం వల్ల చేతులు మారినదే కాదు, మోసం వల్ల చేతులు మారిన వస్తువు కూడా. ఎవరి కాగితాలతోనో వాయిదాల మీద తీసి, సీలుతోనే అమ్మేసిన ఫోను ఇందులోకి వస్తుంది.

ఇంకో సంగతి. భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్‌లో మొదటి ఉదాహరణే ఇది: చోరీ జరిగిన కొద్దికాలానికే సొత్తు ఎవరి దగ్గర దొరికిందో, ఆ మనిషి అది ఎలా వచ్చిందో చెప్పలేకపోతే, దొంగ అనో, తెలిసి తీసుకున్నవాడనో కోర్టు అనుకోవచ్చు. "అనుకోవచ్చు" అంటే అనుకుని తీరాలని కాదు, మన వివరణ నమ్మదగ్గదైతే ఆ ఊహ పోతుంది. అందుకే ఎలా వచ్చిందన్న వివరణ మొదటి రోజే, ఒకే రకంగా, కాగితాలతో ఇవ్వాలి. మొదట "మా తమ్ముడిచ్చాడు" అని, తర్వాత "దుకాణంలో కొన్నా" అని మాట మారిస్తే, నిజంగా దుకాణంలో కొన్నా నమ్మకం పోతుంది.

నేను పోగేసిన కాగితాలు: దుకాణం బిల్లు, యూపీఐ చెల్లింపు వివరం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రోజు పేజీ, పెట్టె మీది లేబుల్ ఫొటో, 14422 జవాబు స్క్రీన్‌షాట్, దుకాణదారుతో వాట్సాప్ మాటలు. అన్నీ మూడు నకళ్లు తీశాను, అసలు కాగితాలు నా దగ్గరే ఉంచుకున్నాను.

బిల్లు దగ్గర చిక్కు వచ్చింది. దుకాణంలో చేత్తో రాసిన ఐఎంఈఐలో ఒక అంకె తేడాగా ఉంది. పైగా రెండు సిమ్‌ల ఫోనుకి రెండు ఐఎంఈఐలు ఉంటాయి. ఎఫ్‌ఐఆర్‌లో మొదటిది ఉంది, నా బిల్లులో రెండోది, అదీ తప్పుగా. స్టేషన్ రైటర్ (కేసు కాగితాలు రాసే ఉద్యోగి) చూడగానే "ఇది ఈ ఫోను బిల్లు కాదు కదా" అన్నారు. దీన్ని సరిచేయడానికి ఒక దారి ఉంది. ఐఎంఈఐలో 15వ అంకె ముందున్న 14 అంకెల నుంచి లెక్కగట్టి వచ్చేది. ఒక్క అంకె మారినా లెక్క కుదరదు. బిల్లులో ఉన్న నంబరు వేసి చూస్తే అసలు చెల్లని ఐఎంఈఐ అని వచ్చింది. అంటే ఆ నంబరుతో వేరే ఫోను ఉండే అవకాశమే లేదు, రాతలో జారిన తప్పేనని తేలింది. పెట్టె లేబుల్ మీద రెండు నంబర్లూ ఉండటం కూడా పనికొచ్చింది. మీరు కొనేటప్పుడు బిల్లులో రెండు ఐఎంఈఐలూ రాయించి, *#06# తెరతో అంకె అంకె సరిచూసుకోండి. ఆ తెర మీది నంబరు, పెట్టె మీది నంబరు వేరువేరుగా ఉంటే ఆ ఫోను కొనొద్దు. ఐఎంఈఐ మార్చడం టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023 కింద మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడే నేరం.

స్టేషన్‌కి వెళ్లేముందు, ఏ హోదాలో పిలుస్తున్నారో అడగాలి. ఇది అడగడం మర్యాద తప్పడం కాదు. నోటీసులు మూడు రకాలు, అన్నీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు పాటించాల్సిన పద్ధతులు చెప్పే చట్టం) కిందివే. 94వ సెక్షన్ నోటీసు వస్తువు గానీ పత్రం గానీ తెచ్చివ్వమని. దీనికి మనమే వెళ్లక్కర్లేదు, వేరేవాళ్ల ద్వారా అందజేసినా చాలు. 179 సాక్షిగా పిలవడానికి. ఇది ఆ స్టేషన్ పరిధిలోనో, దాని పక్క స్టేషన్ పరిధిలోనో ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. ఆడవాళ్లను, 60 దాటినవాళ్లను, 15 లోపు పిల్లలను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను ఉన్న చోటే ప్రశ్నించాలి తప్ప స్టేషన్‌కి రమ్మనకూడదు. మూడోది 35(3). నేరం చేశారన్న అనుమానం ఉన్నవాళ్లకు, అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు ఇచ్చేది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 317(2) ఆ కోవలోకే వస్తుంది. 35(3) నోటీసు వస్తే మాత్రం వకీలు లేకుండా వెళ్లొద్దు, వెళ్లకుండానూ ఉండొద్దు. పిలిచినప్పుడల్లా హాజరైతే, నమోదు చేసిన కారణాలు లేనిదే అరెస్టు చేయకూడదు. హాజరు కాకపోతే అదే అరెస్టుకి కారణమవుతుంది. ఈ నోటీసుని వాట్సాప్‌లో పంపితే ఇచ్చినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నాకు ముందు నోటి మాటగానే చెప్పారు. "సార్, తప్పకుండా అప్పగిస్తాను, 94 కింద రాతపూర్వకంగా ఇప్పించండి" అని అడిగితే రెండో రోజు ఇచ్చారు. కొరియర్‌లో పంపమని ముందు అన్నారు. చాలామంది అలాగే పంపుతున్నారు కూడా. నేను పంపలేదు. దారిలో పోయినా, తెర పగిలినా, పెట్టెలో ఫోనే లేదన్నా నా దగ్గర చూపడానికేమీ ఉండదు. మీకు కొరియర్ తప్పనిసరైతే ఫోను ఆన్ చేసి ఐఎంఈఐ తెర కనబడేలా, ప్యాక్ చేసి సీలు వేసేదాకా ఒకే వీడియో తీయండి. స్టేషన్ హౌస్ ఆఫీసర్ హోదా పేరున, క్రైమ్ నంబరు రాసిన కవరింగ్ లెటర్ లోపల పెట్టి, రసీదు భద్రం చేయండి. వ్యక్తి పేరున ఇంటి చిరునామాకి పంపొద్దు.

అప్పగించే ముందు ఫోనులో మన సమాచారం సంగతి. ఇక్కడ రెండు రకాల కేసుల మధ్య తేడా తెలియాలి. పోయిన ఫోను అని ఫిర్యాదు మాత్రమే ఉండి ఎఫ్‌ఐఆర్ లేకపోతే, ఫోను నేరుగా యజమానికి వెళ్తుంది. అలాంటప్పుడు మన ఖాతా తీసేసి రీసెట్ చేసి ఇవ్వమని పోలీసులే చెబుతారు. మన గూగుల్ ఖాతా అందులో మిగిలిపోతే యజమాని ఫోను తెరవలేరు, మళ్లీ మనకే కాల్ వస్తుంది. ఎఫ్‌ఐఆర్ ఉంటే ఫోను కేసు సొత్తు. అందులో చోరీ నాటి ఆనవాళ్లు ఉండొచ్చు, సొంతంగా రీసెట్ చేస్తే సాక్ష్యం చెరిపారనిపించుకుంటాం. నాది రెండో రకం. యూపీఐ యాప్‌ల నుంచి ఖాతా తొలగించడం, వాట్సాప్ బ్యాకప్, కొత్త ఫోనులోకి మార్చుకోవడం, బ్యాంకు యాప్‌లు తీసేయడం ఇంట్లోనే చేసుకున్నాను. గూగుల్ ఖాతా తీయడం, రీసెట్ చేయడం మాత్రం దర్యాప్తు అధికారిని అడిగి, ఆయన ఎదుటే చేశాను. ఆ మాట మధ్యవర్తుల నివేదికలో రాయించాను. సిమ్‌లు, మెమరీ కార్డు మనవి, అవి తీసుకోవాలి.

స్టేషన్‌లో రెండు పనులు జరుగుతాయి, వాంగ్మూలం, స్వాధీనం. సాక్షి వాంగ్మూలం మీద సంతకం పెట్టక్కర్లేదు. సురక్షా సంహిత 181వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. రైటర్ రాసుకున్నాక చదివి వినిపించమని అడిగాను. "తక్కువ ధరకు వస్తోందని కొన్నాను" అని రాశారు. నేనన్నది "మార్కెట్ ధరకే కొన్నాను" అని. ఆ ఒక్క మాట, పైన చెప్పిన "నమ్మడానికి కారణం"లోకి నేరుగా వెళ్లి పడుతుంది. ఆయన కావాలని రాయలేదు, రోజూ రాసే వాక్యం చేతికి వచ్చేసింది. చెప్పగానే మార్చారు. వినిపించమని అడగకపోతే అలాగే ఉండేది.

స్వాధీనం చేసుకునేటప్పుడు ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాస్తారు. మన దగ్గర దీన్ని మధ్యవర్తుల నివేదిక అంటారు. సోదా, స్వాధీనం వీడియో తీయాలని 105వ సెక్షన్ చెబుతోంది. సెల్‌ఫోన్‌తో తీసినా సరిపోతుంది. నివేదికలో కంపెనీ, మోడల్, రంగు, రెండు ఐఎంఈఐలు, తెర మీద గీతలు, ఏయే వస్తువులు ఇచ్చామో రాయించాలి. పదం కూడా చూసుకోవాలి. "నిందితుడి వద్ద స్వాధీనం" అని ఉందా, "ఫలానా వ్యక్తి హాజరుపరచగా స్వాధీనం" అని ఉందా? నాది "హాజరుపరచగా". నివేదిక నకలు అడిగి తీసుకున్నాను. దానితోపాటు నా వైపు నుంచి ఒక ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకున్నాను. అందులో ఉన్నది ఇంతే:

"మీ స్టేషన్ క్రైమ్ నంబరు ఫలానాకి సంబంధించి, ఈ రెండు ఐఎంఈఐలు గల ఫోనుని మీ నోటీసు మేరకు ఈ రోజు ఇన్ని గంటలకు హాజరుపరుస్తున్నాను. దీనిని ఫలానా తేదీన ఫలానా దుకాణంలో 14,500 రూపాయలకు యూపీఐ ద్వారా చెల్లించి కొన్నాను. ఇది చోరీ అయిన ఫోనని మీ స్టేషన్ నుంచి ఫలానా తేదీన కాల్ వచ్చేంతవరకు నాకు తెలియదు. బిల్లు, చెల్లింపు వివరాలు, ఇతర పత్రాల నకళ్లు జతపరిచాను."

ఫిర్యాదు మాత్రమే ఉన్న కేసుల్లో పంచనామా ఉండదు. అలాంటప్పుడు ముద్ర వేసిన ఈ ఉత్తరమే మన చేతిలో మిగిలే ఏకైక కాగితం. అది లేకుండా ఫోను టేబుల్ మీద పెట్టి రావొద్దు. ఆ ఐఎంఈఐ మీద ఇంకో స్టేషన్ నుంచి ఇంకో కాల్ రావడం అసాధ్యమేమీ కాదు.

దర్యాప్తు అక్కడి నుంచి వెనక్కి నడుస్తుంది. నేను దుకాణాన్ని చూపించాను. దుకాణదారు తన రిజిస్టర్లో అమ్మినవాడి ఆధార్ నకలు, ఫొటో, సంతకం చూపించారు. అమ్మినవాడు ఏమీ చూపించలేకపోయాడు. కాగితం ఎక్కడ తెగిపోతుందో అక్కడి మనిషే నిందితుడవుతాడు. దుకాణదారుకి ఆ రిజిస్టర్ లేకపోయుంటే దొంగసొత్తు తీసుకున్నవాడిగా (రిసీవర్‌గా) కేసు ఆయన మీద ఉండేది, ఆయన దుకాణం పేరు లేని బిల్లే నా దగ్గర ఉండుంటే నా మీద ఉండేది.

డబ్బు విషయం చాలామందికి తెలియదు. ఫోను మనకు తిరిగి రాదు. వస్తువుల అమ్మకం చట్టం 1930లోని 27వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. డబ్బు పూర్తిగా ఇచ్చినా, మంచి మనసుతో కొన్నా అంతే. ఫోను నాకే ఇప్పించమని కోర్టులో వేస్తామనే సలహా వినొద్దు. అసలు బిల్లున్న యజమాని ఎదురుగా ఉండగా అది నిలవదు, ఫీజు దండగ. అయితే అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. అమ్మేవాడికి అమ్మే హక్కు ఉందన్న షరతు ప్రతి అమ్మకంలోనూ, ఎవరూ రాయకపోయినా, ఉన్నట్టే. ఆ షరతు తప్పితే మొత్తం ధర వెనక్కి అడగొచ్చు. "మేమూ మోసపోయాం అన్నా, మేమెక్కడి నుంచి ఇస్తాం" అని దుకాణంలో అన్నారు. నిజమే, ఆయనా మోసపోయారు. కానీ ఆయన తన డబ్బు తనకు అమ్మినవాడి దగ్గర అడగాలి, నేను నాకు అమ్మిన ఆయన దగ్గర అడగాలి.

మధ్యవర్తుల నివేదిక నకలు, బిల్లు నకలు జతచేసి, 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. వకీలు లేకుండా నేనే రాశాను. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. అక్కడిదాకా పోలేదు. దుకాణదారు ముందు 8,000, నెల తర్వాత 6,500 ఇచ్చారు. ఇచ్చేటప్పుడు అసలు బిల్లు వెనక్కి అడిగారు. అది ఇవ్వకూడదు. కేసు నడుస్తుండగా ఆ బిల్లే నేను నిర్దోషినని చెప్పే కాగితం. డబ్బు ముట్టినట్టు రసీదు రాసిచ్చాను, బిల్లు నకలు ఇచ్చాను, అంతవరకే. మీరు కొన్నది దుకాణంలో కాక ఆన్‌లైన్‌లో పరిచయమైన మామూలు మనిషి దగ్గరైతే వినియోగదారుల కమిషన్ దారి ఉండదు, సివిల్ కోర్టే. ఇంకో చిన్న దారి సురక్షా సంహిత 499వ సెక్షన్. దొంగకు శిక్ష పడి, అరెస్టప్పుడు అతని దగ్గర డబ్బు దొరికి ఉంటే, తెలియక కొన్నవారికి ఆ డబ్బులోంచి ఇచ్చిన ధర మేరకు ఇప్పించమని కోర్టుని అడగొచ్చు. దొంగ జేబులో డబ్బు మిగిలి ఉండటం అరుదు కాబట్టి దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

యజమానురాలి వైపు నుంచీ ఒక మాట. స్వాధీనమైన ఫోను కోర్టుకి వెళ్తే, తిరిగి తీసుకోవడానికి మేజిస్ట్రేట్ కోర్టులో 497 లేదా 503 కింద పిటిషన్ వేయాలి. అసలు బిల్లు, ఎఫ్‌ఐఆర్ నకలు, గుర్తింపు కార్డు కావాలి. కేసు సొత్తు స్టేషన్లలో ఏళ్ల తరబడి మగ్గకూడదని, ఫొటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని త్వరగా ఇచ్చేయాలని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టం దీనికి గడువులు పెట్టింది: కోర్టు ముందుకి వచ్చిన 14 రోజుల్లో వివరణ పట్టీ, ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికివ్వాలన్న ఉత్తర్వు. ఫోను చేతికొచ్చాక సీఈఐఆర్‌లో తన రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ చేయించుకోవాలి. తమ ఫోను ఇంట్లోనే దొరికినా ఫిర్యాదు అలాగే వదిలేసి, తర్వాత దాన్ని అమ్మేసేవాళ్లున్నారు. కొన్న మనిషి నేను పడిన తిప్పలన్నీ ఏ చోరీ జరగకుండానే పడతాడు. తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇస్తే న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

దొరికిన ఫోను సంగతి కూడా ఇందులోదే. ఆటోలోనో బస్సులోనో దొరికిన వస్తువు యజమానికి ఇచ్చే ఉద్దేశంతో తీసుకోవడం తప్పు కాదు. యజమాని కోసం తగిన ప్రయత్నం చేయకుండా సొంతానికి వాడుకుంటే న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఆన్‌లో ఉంచి, కాల్ వస్తే ఎత్తి, రాకపోతే దగ్గరి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. అందులో మన సిమ్ మాత్రం వేయకూడదు.

ఛార్జిషీటులో నన్ను నాలుగో సాక్షిగా, ఎల్‌డబ్ల్యూ-4గా చూపించారు. 2025 వేసవి దాటాక సమన్లు వచ్చాయి. సాక్షి సమన్లకు వెళ్లకపోతే వారంట్ వస్తుంది, కాబట్టి దూరమైనా వెళ్లాను. ఆ రోజు వాయిదా పడింది. కోర్టు కానిస్టేబుల్‌ని అడిగి తర్వాతి తేదీ, కేసు నంబరు రాసుకున్నాను. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు వేస్తే వాయిదా తేదీలు కనిపిస్తాయి, ఊరికే ప్రయాణాలు తప్పుతాయి. దొంగసొత్తు కేసు సొత్తు యజమానితో రాజీ పడదగ్గది. ఇది కూడా తర్వాతి లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది, నేను బోనెక్కే అవసరం రాలేదు. అప్పటికి ఆమె ఫోను బాండు మీద ఆమె చేతికి చేరి చాలాకాలమైంది. నా దగ్గర ముద్ర వేసిన ఉత్తరం, మధ్యవర్తుల నివేదిక నకలు, అంకె తప్పిన ఆ బిల్లు ఒకే కవరులో ఇంకా ఉన్నాయి.